హోరులో మాట: నెల్లూరు తీరంలో వినికిడి, దాని శిక్షణల చరిత్ర

మాట చెవికి అందడం వేరు, అందిన మాట అర్థం కావడం వేరు. ఈ రెంటి మధ్య దూరం నిశ్శబ్దంలో ఎవరికీ తెలియదు గాని, చుట్టూ రొద పెరిగేకొద్దీ అది బయటపడుతుంది. వయసు మీరినవారు, ఏళ్ల తరబడి యంత్రాల దగ్గర పనిచేసినవారు ఆడియాలజిస్టుతో, అంటే వినికిడి పరీక్షల నిపుణుడితో, తరచుగా చెప్పుకునే ఫిర్యాదు వినపడడం లేదని కాదు, వినపడుతోంది గాని నలుగురిలో మాట తెలియడం లేదని. ఈ ఇబ్బందిని సాధనతో కొంతవరకు తగ్గించవచ్చన్న ఆలోచనకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ సాధనను కంప్యూటరు చేత చేయించడం మాత్రం మొన్నమొన్నటి సంగతి. పులికాట్ సరస్సు నుంచి కృష్ణపట్నం, మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె మీదుగా ఉత్తరానికి సాగే నెల్లూరు తీరంలో ఆ చరిత్రను నిలిపి చూస్తే, అది యంత్రాల కథ కంటే ఎక్కువగా భాష కథ అని తెలుస్తుంది.

ఈ తీరంలో రొద ఎప్పుడూ ఉన్నదే. తీరాన విరిగే అల చేసే హోరులో సన్నని ధ్వనులు మొదలు బొంగురు ధ్వనుల దాకా అన్నీ కలగలిసి ఉంటాయి. ప్రయోగశాలల్లో వినికిడిని పరీక్షించడానికి తయారుచేసే కృత్రిమ రొద కూడా స్వభావంలో దీనికి దగ్గరగానే ఉంటుంది. ఆ హోరులో పని నడవడానికి మత్స్యకారులు తమ పద్ధతులు తాము ఏర్పరచుకున్నారు. అలివి వల అంటే ఒక కొసను ఒడ్డున ఉంచి, పడవ మీద సముద్రంలో చుట్టు తిప్పి, రెండో కొసను మరొక చోట ఒడ్డుకు చేర్చి, రెండు తాళ్లనూ పదుల మంది మనుషులు లాగే పెద్ద వల. ఈ రెండు జట్లు ఒకదానికొకటి దూరంగా నిలబడి ఒకే లయలో లాగాలి, ఒకటి ముందుపడితే చేప జారిపోతుంది. హైలెస్సా వంటి కేకలు ఇక్కడ అక్కరకు వస్తాయి. అటువంటి కేకలో దీర్ఘమైన అచ్చులుంటాయి, పదే పదే వచ్చే లయ ఉంటుంది, తరువాత ఏ మాట రాబోతున్నదో వినేవారికి ముందే తెలిసి ఉంటుంది. అచ్చులకు బలం ఎక్కువ, హల్లులకు తక్కువ. కనుక అల హోరులో హల్లులు మునిగిపోయినా అచ్చుల ఊపు మిగులుతుంది, మిగిలినదాన్ని మనసు పూరిస్తుంది. పాటతో పని చేయించడం అలసట మరిపించడానికేనని సాధారణంగా రాస్తుంటారు. రొదలో వినబడేలా మాటను మలచుకోవడం కూడా అందులో ఉన్నదని గుర్తించడం న్యాయం.

మనసు పూరించే ఈ పనికి నెల్లూరు సాహిత్య సంప్రదాయంలోనే ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. తిక్కన మహాభారతం చెబుతుండగా గురునాథుడు రాసేవాడని, సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధవార్త చెప్పే ఘట్టంలో తిక్కనకు పద్యం ఆగిపోయి, ఏం చెప్పనని లేఖకుడినే పేరు పెట్టి అడిగితే, ఆ మాట పద్యంలో ఇమిడిపోయిందని లోకంలో ఒక కథ వాడుకలో ఉంది. ద్రుతం అనే నకారం తరువాత వచ్చే కకారం గకారంగా మారుతుంది కాబట్టి, గురునాథా అన్న పిలుపును కురునాథా అన్న సంబోధనగా, అంటే ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టుగా, విడదీసుకోవచ్చు. కథ చారిత్రకంగా జరిగిందా లేదా అన్నది వేరే చర్చ. చెవిలో పడిన ధ్వని ఒక్కటే అయినా, సందర్భాన్ని బట్టి, వ్యాకరణ జ్ఞానాన్ని బట్టి వినేవాడు దాన్ని రెండు మాటలుగా వినగలడన్న విషయం మాత్రం అందులో నిక్కచ్చిగా ఉంది. వినికిడి శాస్త్రం ఇరవయ్యో శతాబ్దంలో ప్రయోగాలు చేసి స్థిరపరచినది కూడా ఇదే: రొదలో మాటను పట్టుకోవడంలో చెవి చేసే పని ఎంతో, భాష తెలిసిన మనసు చేసే పని అంత.

తీరంలోకి యంత్రాల మోత దఫదఫాలుగా వచ్చింది. తెరచాపలతోనూ గెడలతోనూ బకింగ్‌హాం కాలువ మీద సాగిన సరుకు పడవలకు, కట్టుదుంగల తెప్పలకు ఇంజన్లు లేవు. జిల్లా లోపల గూడూరు ప్రాంతపు అభ్రకం గనుల్లోనూ, ఊరూరా వెలసిన బియ్యపు మిల్లుల్లోనూ రొద ముందుగా వచ్చింది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్టు ఎగిరిన తరువాత, ఆ దీవి చుట్టుపక్కల ఆకాశం అప్పుడప్పుడు దద్దరిల్లడం అలవాటైపోయింది. అయితే మత్స్యకారుల చెవులకు నిజంగా ముప్పు తెచ్చినది ఇవేవీ కావు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం తూర్పు తీరమంతటా చిన్న పడవలను మెరుగుపరిచే పని చేపట్టింది; 1980లలో ప్రభుత్వ సబ్సిడీలతో ఇంజన్లు విస్తరించాయి; క్రమంగా కర్ర తెప్పల స్థానంలో ఫైబరు పడవలు, వాటి వెనక పొడవాటి ఇరుసు మీద పంకా తిరిగే డీజిలు ఇంజన్లు వచ్చాయి. అలాంటి ఇంజను మీద మూత ఉండదు. నడిపే మనిషి దాని పక్కనే చేరువగా కూర్చుంటాడు. వేటకు వెళ్లి తిరిగి వచ్చేదాకా గంటల తరబడి ఆ మోత అతని చెవి పక్కనే ఉంటుంది. వేట సులువైంది, దూరం తగ్గింది, గాలి లేని రోజున కూడా ఇల్లు చేరే ధైర్యం వచ్చింది; ఈ మేలును తక్కువ చేసి చెప్పకూడదు. దాని వెల చెవులు చెల్లించాయి.

ఆ వెల ఎలా పడుతుందో కొంచెం వివరంగా చూడాలి. లోపలి చెవిలో కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు భాగం ఉంటుంది. అందులో వరుసలుగా ఉండే రోమ కణాలు ధ్వని కదలికను నాడీ సంకేతంగా మారుస్తాయి. పెద్ద మోతను ఏళ్ల తరబడి విన్నవారిలో మొట్టమొదట దెబ్బతినేవి 4000 హెర్ట్జ్ పరిసరాల్లోని ధ్వనులను అందుకునే కణాలు. ఒకసారి చచ్చిన రోమ కణం మనిషిలో మళ్లీ పుట్టదు. స, శ వంటి ఊష్మాలకు, చ, ట వంటి హల్లుల విడుదలకు బలమంతా ఆ పై స్థాయిల్లోనే ఉంటుంది. కనుక మనిషికి గొంతు వినపడుతుంది, అచ్చులు వినపడతాయి, మాట ఆకారం మాత్రం కరిగిపోతుంది. దీనికి తోడు, బొంగురు మోత పెద్దదైనప్పుడు తనకంటే సన్నని ధ్వనులను కూడా కప్పేస్తుందని వెగెల్, లేన్ అనే ఇద్దరు పరిశోధకులు 1924లోనే చూపారు. డీజిలు ఇంజను మోత సరిగ్గా అటువంటిది. దెబ్బతిన్న చెవి, మోగుతున్న ఇంజను రెండూ కలిసినచోట మాట రెండు వైపుల నుంచీ కోతకు గురవుతుంది.

చేపల వేలంపాట దగ్గర ఇది కళ్లకు కడుతుంది. పడవ ఒడ్డు చేరీ చేరకముందే బుట్టల చుట్టూ జనం మూగుతారు, ఇంజన్లు ఇంకా ఆగి ఉండవు, అల హోరు ఆగేది కాదు, పాట పాడేవాడు అంకెలను గుక్కతిప్పకుండా చెబుతుంటాడు. ఇరవై, అరవై అన్న రెండు అంకెలకు మొదటి అచ్చు ఒక్కటే తేడా. ఆ ఒక్క అచ్చు జారితే బుట్ట ధర మూడింతలవుతుంది. చెవి మందగించిన మనిషి అక్కడ పాటగాడి పెదవులు చూస్తాడు, పక్కవాడి ముఖం చూస్తాడు, వేళ్ల సైగ కోసం ఎదురుచూస్తాడు, అంతకుముందు పలికిన అంకెను బట్టి తరువాతిదాన్ని ఊహిస్తాడు. ఇవన్నీ శిక్షణ పుస్తకాల్లో పాఠాలుగా ఉన్న ఉపాయాలే, తీరంలో మాత్రం ఎవరికి వారు నేర్చుకున్నవి.

చెవికి సాధన చేయించవచ్చన్న మాటను వైద్యంగా మలచినవారిలో వియన్నాకు చెందిన విక్టర్ ఉర్బాన్‌చిచ్ ముఖ్యుడు. పూర్తిగా చెవిటివారనుకున్న పిల్లల్లో చాలామందికి కొంత వినికిడి మిగిలి ఉంటుందని, మిగిలిన ఆ కాస్త వినికిడిని అభ్యాసంతో పనిలో పెట్టవచ్చని ఆయన 1890లలో వాదించాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మాక్స్ గోల్డ్‌స్టీన్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1914లో బధిరుల కేంద్ర విద్యాసంస్థను స్థాపించి ఆ పద్ధతిని పెంచాడు. పెద్దవారికి, అందులోనూ రొదలో వినడానికి శిక్షణ అన్నది రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిన అవసరం. ఫిరంగుల మోతకు, విమానాల మోతకు చెవులు పోగొట్టుకున్న సైనికులు వేలల్లో తిరిగివచ్చినప్పుడు, పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణంలో ఉన్న డెషాన్ సైనిక ఆసుపత్రిలో రేమండ్ కార్‌హార్ట్ వారికి వినికిడి యంత్రాల ఎంపిక, పెదవుల కదలికను చదవడం, ధ్వనుల మధ్య సూక్ష్మమైన తేడాలను గుర్తుపట్టడం, రొద వినిపిస్తూ మాట పట్టించడం అన్నీ కలిపి ఒక క్రమంలో నేర్పించాడు. గ్రామఫోను రికార్డులే ఆనాటి సాధనాలు. అదే కాలంలో హార్వర్డు విశ్వవిద్యాలయపు ప్రయోగశాల సైనికుల టెలిఫోన్లు, విమానాల మాటపెట్టెలు ఎంత స్పష్టంగా పలుకుతున్నాయో కొలవడానికి ఇంగ్లీషు మాటల పట్టికలు తయారుచేసింది. 1948లో జేమ్స్ ఈగన్ ప్రచురించిన 50 మాటల పట్టికలు తరువాత ఆసుపత్రుల్లో వినికిడి పరీక్షలకు పునాది అయ్యాయి.

1953లో లండన్ ఇంపీరియల్ కళాశాలకు చెందిన కోలిన్ చెర్రీ అడిగిన ప్రశ్న ఈ శాస్త్రాన్ని మలుపు తిప్పింది: అందరూ ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు మనిషి ఒక్క గొంతును ఎలా పట్టుకోగలుగుతున్నాడు? ఆయన ఒక చెవిలో ఒక పాఠం, రెండో చెవిలో మరొక పాఠం వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే తిరిగి చెప్పమన్నాడు. విన్నవారు తాము చెబుతున్న పాఠాన్ని బాగానే చెప్పారు గాని, రెండో చెవిలోని పాఠం మధ్యలో ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి మారినా గమనించలేదు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం పసిగట్టారు. చెర్రీ ప్రశ్నకు విందుల సందడి పేరే స్థిరపడింది గాని, నెల్లూరులో అది మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ దగ్గర మరింత బాగా అర్థమవుతుంది. నీళ్లలో నిలబడ్డ వేలమందిలో విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్య రొట్టె అంటూ ఎవరి కోరిక వారు పలుకుతుంటారు. అన్ని గొంతుల మధ్య కావలసిన ఒక్క మాట వినపడగానే మనిషి తల అటు తిరుగుతుంది. చెవులు రెండూ సమంగా పనిచేస్తేనే గొంతు ఏ దిక్కు నుంచి వచ్చిందో బాగా తెలుస్తుంది, దిక్కు తెలిస్తే ఆ గొంతును మిగతావాటి నుంచి వేరుచేయడం సులువవుతుంది.

కంప్యూటరు ఈ చరిత్రలోకి తెచ్చిన కొత్తదనం ఒక్కటే, కాని అది చిన్నది కాదు: అభ్యాసం కష్టాన్ని ప్రతి సమాధానానికీ సర్దగలగడం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖకు చెందిన రాబర్ట్ స్వీటో, జెన్నిఫర్ సాబెస్ రూపొందించి 2006లో ఫలితాలు ప్రచురించిన లేస్ అనే కార్యక్రమం ఇందులో బాగా పేరుపొందింది. రోజుకు సుమారు అరగంట, వారానికి అయిదు రోజులు, నాలుగు వారాలు ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చొని చేసే సాధన అది. ఒక వాక్యం పలువురి మాటల సందడి మధ్య వినిపిస్తుంది. వినేవాడు సరిగా పట్టుకుంటే తరువాతి వాక్యానికి రొద కొంచెం పెరుగుతుంది, తప్పితే తగ్గుతుంది. ఆ విధంగా మనిషి ఎల్లప్పుడూ తన శక్తికి అంచున పనిచేస్తుంటాడు. వేగంగా పలికిన మాటలు, పక్కన మరొకరు మాట్లాడుతుండగా వినవలసిన మాటలు, మధ్యలో ఒక పదం మాయమైన వాక్యాలు, విన్నదాన్ని గుర్తుంచుకోవలసిన అభ్యాసాలు కూడా అందులో ఉన్నాయి. రోమ కణాలను ఇది బాగుచేయదు, బాగుచేస్తానని చెప్పదు కూడా. దెబ్బతిన్న చెవి పంపే అరకొర సమాచారాన్ని మనసు మరింత నేర్పుగా వాడుకోవడం నేర్పుతుంది.

ఫలితాల విషయంలో చరిత్రకారుడు నిజాయితీగా ఉండాలి, ఎందుకంటే అమ్మకందారుల మాటలు ఎప్పుడూ పరిశోధనకు రెండడుగులు ముందుంటాయి. హెన్‌షా, ఫెర్గుసన్ 2013లో అప్పటిదాకా వచ్చిన 13 పరిశోధన వ్యాసాలను పరిశీలించి, సాధన చేసిన అంశంలో మెరుగు కనిపిస్తున్నా నిత్యజీవితంలోకి అది చేరుతున్నదనడానికి ఆధారం బలంగా లేదని తేల్చారు. 2016లో అమెరికాలో 279 మంది మాజీ సైనికులపై జరిగిన పెద్ద పరీక్షలో, వినికిడి యంత్రంతో పాటు లేస్ సాధన కూడా చేసినవారు మామూలు చికిత్స పొందినవారికంటే మెరుగ్గా ఏమీ లేరు. మరుసటి ఏడాది హార్వర్డు అనుబంధ సంస్థలో డానియెల్ పోలీ బృందం, ధ్వనుల సూక్ష్మమైన మార్పులను వెంటాడే ఆట రూపంలో సాధన చేయించి, వినికిడి యంత్రాలు వాడే 24 మంది వృద్ధులలో సాధన చేసినవారు రొదలో అంతకుముందుకంటే 25 శాతం ఎక్కువ మాటలు పట్టుకోగలిగారని చూపింది. సాధన ఆపాక ఆ లాభం నిలవలేదు. ఈ ఫలితాలను చూసి శిక్షణ పనికిరాదనడం తొందరపాటు. ఎవరికి, ఏ భాషలో, ఎటువంటి రొదలో, ఎన్నాళ్లు అన్న ప్రశ్నలే ఇక్కడ అసలైనవి, వాటిలో భాష ప్రశ్నకు తెలుగువారే సమాధానం చెప్పుకోవాలి.

భారతదేశంలో ఈ విద్యకు 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మూలస్థానం. 1983లో బొంబాయిలో స్థాపించిన జాతీయ బధిరుల సంస్థకు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో వచ్చింది. తెలుగువారిని పరీక్షించబోయినప్పుడు ఈ సంస్థల్లోని నిపుణులకు ఒక చిక్కు ఎదురైంది. ఈగన్ పట్టికలన్నీ ఒకే అక్షరం గల, ఎక్కువగా హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటలు. తెలుగు మాటలో సాధారణంగా రెండుకు తక్కువ కాకుండా అక్షరాలుంటాయి, చివర అచ్చు ఉంటుంది. కనుక ఇంగ్లీషు పట్టికను తెలుగు చేయడం వల్ల ప్రయోజనం లేదు, తెలుగు నుంచే కొత్తగా కట్టుకోవాలి.

రొదలో వినికిడికి సంబంధించి ఆ పనిలో ఒక మంచి మెట్టు 2017లో అంతర్జాతీయ శ్రవణశాస్త్ర పత్రికలో వచ్చింది. తన్నీరు కిషోర్, నార్నె విజయకుమార్, వారి సహచరులు తెలుగు వాక్యాలను ఎంపిక చేసి, రికార్డు చేసి, కష్టంలో సమానంగా ఉండేట్టు పదేసి వాక్యాల చొప్పున 20 పట్టికలుగా కూర్చి, సరిచూసి, చివరకు 15 పట్టికలను నిలిపారు. తెలుగు మాతృభాషగా గల, వినికిడి బాగున్న 68 మంది వివిధ దశల్లో ఇందులో పాల్గొన్నారు. సగం వాక్యాలు సరిగా తెలియడానికి మాట, రొదల మధ్య ఉండవలసిన తేడా సగటున మైనస్ 2.74 డెసిబెల్ అని తేలింది. మూడు డెసిబెల్ అంటే శక్తిలో రెట్టింపు; అంటే రొద మాటకంటే దాదాపు రెట్టింపు శక్తితో ఉన్నప్పుడు కూడా మంచి చెవి, తన భాష అయినప్పుడు, సగం వాక్యాలను పట్టుకుంటుందన్నమాట. పరీక్ష కోసం కూర్చిన ఇటువంటి వాక్యాలే శిక్షణకు కూడా ముడిసరుకు. అవి లేనిదే తెలుగులో కంప్యూటరు శిక్షణ అన్న మాటే ఉండదు.

శిక్షణ అవసరాన్ని పేద ఇళ్లదాకా తీసుకువచ్చినది మరొక దారి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడం చేరింది. అది దెబ్బతిన్న రోమ కణాలను దాటవేసి, చెవి నాడికి నేరుగా విద్యుత్ సంకేతాలు పంపే పరికరం. శస్త్రచికిత్సతో పాటు, విన్నదాన్ని మాటగా గుర్తించడం నేర్పే చికిత్స కూడా దానిలో భాగమైంది. పుట్టుకతో వినని పిల్లకు పరికరం ద్వారా వచ్చే ధ్వని మొదట్లో అర్థం లేని సవ్వడి మాత్రమే. తల్లి నెలల తరబడి పలికిన మాటనే పలుకుతూ, చూపుతూ, మళ్లీ పలుకుతూ ఉంటేనే అది భాష అవుతుంది. చికిత్సకులు తల్లికి నేర్పేది కూడా ఇదే కాబట్టి, ఆమె ఇంట్లో పలికే భాషే శిక్షణ భాష కావాలి.

ఈ తీరంలో ఆ సంగతి మరింత చిక్కుగా ఉంటుంది. నెల్లూరు తీరపు మత్స్యకారుల్లో పట్టపువారు ఎక్కువ. వారు ఇంట్లో తమిళానికి దగ్గరగా ఉండే మాట, బయట తెలుగు మాట్లాడతారు. వారి తెలుగు కూడా, ఏంది, యాడ వంటి మాటలు వినిపించే దక్షిణ మాండలికం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం, తెలుగు నేలమీద ఒక్కో పనిముట్టుకు ఊరికో పేరు ఉన్నదని నిరూపించి అరవై ఏళ్లు దాటింది. రొదలో మాటను ఊహించేది మనసు గనుక, మనసుకు అలవాటున్న మాండలికంలోనే ఊహ వేగంగా సాగుతుంది. పత్రికా భాషలో రికార్డయిన వాక్యాలతో పట్టపు వృద్ధుణ్ణి పరీక్షిస్తే, చెవి లోపం ఎంతో, భాష దూరం ఎంతో విడదీయడం కష్టం.

పడవ నడిపే మనిషిని చట్టం ఇంకా చేరుకోలేదు. 1987 సవరణతో 1948 నాటి కర్మాగారాల చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో మోత వల్ల కలిగే వినికిడి లోపం చేరింది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్ హద్దుగా కర్మాగారాలలో నడిచింది. పడవ కర్మాగారం కాదు, దాని ఇంజను దగ్గర కూర్చునే మనిషి ఆ చట్టం లెక్కలో కార్మికుడు కాలేదు. చెవి పోయాక ఇచ్చే శిక్షణ ఎంత మంచిదైనా, ఇంజనుకు మూత, చెవులకు రక్షణ ముందు రావలసినవన్న వాదన ఇక్కడ బలమైనది.

తీరానికి తగిన శిక్షణ పాఠాలు కూర్చడానికి సాంకేతికంగా ఇప్పుడు పెద్ద అడ్డంకి లేదు. వాక్యాలు కూర్చే పద్ధతి తెలుగులో నిరూపితమైంది, రొదను సర్దే లెక్క పాతదే, ఫోను చాలా ఇళ్లలో ఉంది. కావలసినది సరుకు: మైపాడులోనో తుమ్మలపెంటలోనో రికార్డు చేసిన అసలైన అల హోరు, డీజిలు ఇంజను మోత, వాటి మీద ఆ ఊరి గొంతులే పలికిన వేలంపాట అంకెలు, వాతావరణ హెచ్చరికలు, బస్సు కండక్టరు చెప్పే ఊళ్ల పేర్లు, మనవరాలు పెరట్లోంచి పిలిచే పిలుపు. వాటిని కూర్చే పనిలో ఆడియాలజిస్టుకు ఎంత పాత్ర ఉందో, మాండలికాలు సేకరించే భాషాశాస్త్రవేత్తకు, అలివి వల లాగి చెవులు అరిగిన ముసలివారికి అంత పాత్ర ఉంది.